ఎల్‌ఎల్‌ఆర్ వచ్చింది సరే, బైక్ నేర్పేవాళ్లేరీ?

స్వాతి_టీచర్
ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్స్, చేతికొచ్చింది. గేర్ బండికి, కారుకి కలిపి పెట్టాను. కారుకి ఇబ్బంది లేదు, మా వీధి చివరే డ్రైవింగ్ స్కూల్ ఉంది. బైక్ కూడా నేర్పుతారా అంటే అక్కడున్నాయన నవ్వేశాడు. "బైక్‌కి స్కూలేంటి మేడమ్, ఇంట్లో ఎవరినైనా అడగండి, సాయంత్రానికి వచ్చేస్తుంది" అన్నాడు. ఇంకో చోట అడిగినా అదే మాట.

మా ఆయన ఉద్యోగం దుబాయ్‌లో. ఇంట్లో మావయ్యగారి పాత స్ప్లెండర్ ఉంది. ఆయన ఏళ్ల తరబడి నడుపుతున్నారు గానీ, నేర్పడం దగ్గరికొచ్చేసరికి "క్లచ్ మెల్లగా వదులమ్మా" అనే ఒక్క మాటే. ఎంత మెల్లగా అంటే "మెల్లగా" అంటారు. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోతుంది, ఇద్దరం ఉలిక్కిపడతాం.

సైకిల్ బాగా వచ్చు. కొత్తగా ట్రాన్స్‌ఫర్ అయిన ఊరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అందుకే ఈ వయసులో బైక్ గోల. రవాణా ఆఫీసు (ఆర్టీఏ) బయట ఒకతను "టెస్ట్ ట్రాక్ మేం చూసుకుంటాం, మీరు ఫొటోకి వస్తే చాలు" అని రేటు కూడా చెప్పాడు. లైసెన్స్ కార్డు అలా వస్తుందేమో, నడపడం రాదు కదా. పెద్దయ్యాక బైక్ నేర్చుకున్నవాళ్లు ఉంటే ఎవరి దగ్గర, ఎలా నేర్చుకున్నారో చెప్పండి.

నాగోల్_నాని
స్కూటీ మీద టెస్ట్ ఇచ్చేయండి అక్కా. ట్రాక్ మీద ఎనిమిది ఆకారంలో తిప్పడం హాయిగా అయిపోతుంది. కార్డు వచ్చాక స్ప్లెండర్ నెమ్మదిగా నేర్చుకోవచ్చు.

గేర్_గోపి
నాని మాట వినకండి. స్కూటీ మీద టెస్ట్ ఇస్తే కార్డు మీద గేర్ లేని బండి అనే పడుతుంది. దాంతో స్ప్లెండర్ నడిపితే చట్టం ప్రకారం ఆ బండికి లైసెన్స్ లేనట్టే. గేర్ బండికి పాసైతే మాత్రం స్కూటీ కూడా నడుపుకోవచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ ఎలాగూ గేర్ బండికే తీసుకున్నారు, ఇప్పుడు వెనక్కి తగ్గడం ఎందుకు?

నాగోల్_నాని
చెకింగ్‌లో కార్డు ఉందా లేదా అనే చూస్తారు భయ్యా. ఏ క్లాసో ఎవరు చదువుతారు?

గేర్_గోపి
చెకింగ్‌లో చదవకపోవచ్చు. ఎవరినైనా గుద్దిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు భూతద్దం పెట్టుకుని చదువుతారు.

పాత_చేతక్
మా రోజుల్లో నేర్పేది పెద్దన్నయ్యే. వెనకాల పరిగెత్తుతూ వచ్చేవాడు, పడితే ముందు బండికి ఏమైందో చూసేవాడు, తర్వాత మనల్ని. చేతక్ స్కూటర్‌కి గేర్లు ఎడమ చేతిలో ఉండేవి, క్లచ్ పట్టుకుని మణికట్టు తిప్పాలి. అది వచ్చినవాడికి మిగతావన్నీ వచ్చినట్టే అనుకునేవాళ్లం. బైక్ ఎక్కాక తెలిసింది, కాలితో గేరు వేయడం మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవాలని.

మెకానిక్_బాషా
స్వాతి మేడమ్, "మెల్లగా" అంటే ఎంతో చెప్తా. మీ మావయ్యగారికి చెయ్యి అలవాటైపోయింది, అందుకే మాటల్లో పెట్టలేకపోతున్నారు.

క్లచ్ లివర్ మొత్తం కదలికలో బండి కదలడం మొదలయ్యేది మధ్యలో ఒక చిన్న ముక్క దగ్గరే. దాని పేరే హాఫ్ క్లచ్. పూర్తిగా నొక్కినప్పుడు ఇంజిన్‌కీ చక్రానికీ సంబంధం ఉండదు. పూర్తిగా వదిలితే రెండూ కలిసిపోతాయి. ఆ మధ్య ముక్కలో క్లచ్ ప్లేట్లు కొంచెం జారుతూ కొంచెం పట్టుకుంటూ ఉంటాయి. మీ బండి గెంతుతోందంటే ఆ ముక్కను మీరు ఒక్క ఉదుటున దాటేస్తున్నారన్నమాట.

ఇలా చేయండి. ఖాళీ గ్రౌండు, నేల చదునుగా ఉండాలి. బండి స్టార్ట్ చేసి ఫస్ట్ గేర్. యాక్సిలరేటర్ అసలు ముట్టుకోవద్దు. రెండు కాళ్లూ నేల మీదే. క్లచ్ వదులుతూ పోండి, ఇంజిన్ చప్పుడు కొంచెం బరువెక్కి బండి ముందుకు లాగుతుంది. అక్కడ ఆపండి. వేళ్లు అక్కడే. బండి పాకుతుంది. మళ్లీ నొక్కండి, ఆగుతుంది. వదలండి, పాకుతుంది. కాళ్లతో నడుస్తూ గ్రౌండు ఆ చివర నుంచి ఈ చివరకి ఇదే పని. స్ప్లెండర్ లాంటి బండి చదును నేల మీద యాక్సిలరేటర్ లేకుండానే పాకేస్తుంది. కాళ్లు పైకెత్తాలని మీకే అనిపించేదాకా ఎత్తొద్దు. సెకండ్ గేర్ గురించి ఆలోచించొద్దు.

మా షాపుకి వచ్చే కొత్త పిల్లలకి అందరికీ ఇదే చెప్తా. యాక్సిలరేటర్‌తో మొదలుపెట్టినవాళ్లే గోడలకి కొడతారు.

ఉష_బెజవాడ
బాషా గారి పోస్టు పదేళ్ల కింద దొరికి ఉంటే నా కాపురంలో సగం గొడవలు తప్పేవి. మా ఆయన నేర్పే పద్ధతి: వెనకాల కూర్చుని నా చేతుల మీదుగా హ్యాండిల్ పట్టుకోవడం, ఎదురుగా కుక్క కనిపిస్తే కేకేయడం. ఆ కేకకి కుక్క పారిపోయేది, నేను పడిపోయేదాన్ని.

చివరికి నేర్పింది మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి. పక్కన నడుస్తూ చెప్పింది తప్ప బండి ఎక్కలేదు. భర్త దగ్గర మాత్రం నేర్చుకోవద్దు స్వాతి గారూ. దుబాయ్‌లో ఉండటం మీ అదృష్టం.

సీతమ్మధార_సురేష్
ఇది అన్యాయం. నేను మా ఆవిడకి ఒక్క కేక కూడా వేయకుండా నేర్పాను.

ఉష_బెజవాడ
ఆవిడ ఐడీ ఇవ్వండి, ఆవిణ్ని అడుగుతాం.

కోర్టు_పక్షి
సరదా పక్కన పెట్టి ఒక చట్టం ముక్క. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 3వ నిబంధన ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌తో నడిపేటప్పుడు లైసెన్స్ ఉన్న శిక్షకుడు వెంట ఉండాలి, బండిని అదుపు చేయగలిగే లేదా ఆపగలిగే చోట కూర్చుని ఉండాలి. బండికి ముందూ వెనకా తెల్లటి చతురస్రం మీద ఎర్ర ఎల్ అక్షరం ఉండాలి. చతురస్రం కనీసం 18 సెంటీమీటర్లు, అక్షరం ఎత్తు కనీసం 10 సెంటీమీటర్లు. బైక్ మీద నేర్చుకునేవాళ్లు ఆ శిక్షకుణ్ని తప్ప ఇంకెవర్నీ వెనక ఎక్కించుకోకూడదు. పిల్లల్ని స్కూల్లో దింపడం, అత్తగారిని గుడికి తీసుకెళ్లడం, ఏదీ కుదరదు.

గేర్_గోపి
వెనక కూర్చున్నవాడు స్ప్లెండర్‌ని ఎలా ఆపుతాడు సార్? కాళ్లు కింద పెట్టా?

కోర్టు_పక్షి
కారుని దృష్టిలో పెట్టుకుని రాసి, బైక్‌కి కూడా తగిలించారు. అయినా నిబంధన నిబంధనే. బండి పాలసీ పత్రంలో డ్రైవర్ క్లాజ్ తీసి చదవండి, ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు 3వ నిబంధన పాటిస్తూ నడిపితేనే కవరేజీ అని ఉంటుంది. ఎదుటివాళ్లకి నష్టం జరిగిన కేసుల్లో 2004లో స్వరణ్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు ఎల్‌ఎల్‌ఆర్ కూడా లైసెన్సే అని చెప్పింది, కాబట్టి కేవలం ఎల్‌ఎల్‌ఆర్ అన్న కారణంతో బీమా కంపెనీ చేతులు దులుపుకోలేదు. మీ సొంత బండి రిపేరు డబ్బుల దగ్గరికొస్తే మాత్రం ఆ క్లాజ్ బయటికి తీస్తారు. ఎల్ స్టిక్కర్ ఖర్చు టీ ఖర్చు. వేయించుకోండి.

సీను_శ్రీకాకుళం
ఎల్ బోర్డు పెట్టుకుని తిరిగితే ఆటోవాళ్లు కావాలని హారన్ కొడతారు. అందుకే మా ఊళ్లో ఎవరూ పెట్టరు.

ఉష_బెజవాడ
పెట్టకపోయినా కొడతారు. నాకు లైసెన్స్ వచ్చి ఇన్నేళ్లయినా కొడుతూనే ఉన్నారు.

విజయ్_వాట్సాప్
ఇంత తలనొప్పి ఎందుకు? కొత్త రూల్ వచ్చింది కదా, ఆర్టీఏలో టెస్ట్ అక్కర్లేదు, ఏ డ్రైవింగ్ స్కూల్ సర్టిఫికెట్ ఇచ్చినా లైసెన్స్ ఇచ్చేస్తారు. గ్రూపులో మెసేజ్ తిరుగుతోంది.

రిటైర్డ్_బ్రేక్
ఆ మెసేజ్ 2024 జూన్ నాటిది, ఇంకా చావలేదు. అప్పుడే కేంద్ర రవాణా శాఖ కొత్తగా ఏ మార్పూ లేదని వివరణ ఇచ్చింది. అసలు నిబంధన 2021 నాటిది. ప్రభుత్వ గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో కోర్సు పూర్తి చేసినవాళ్లకి ట్రాక్ టెస్ట్ మినహాయింపు ఉంటుంది. ఆ గుర్తింపు వీధి చివర స్కూలుకి రాదు. కనీసం ఎకరం స్థలం, టెస్ట్ ట్రాక్, సిమ్యులేటర్ లాంటివి ఉండాలి. కారు కోర్సే 29 గంటలు. సర్టిఫికెట్ వచ్చినా లైసెన్స్ ఇచ్చేది రవాణా శాఖే.

నా ఐడీ చూసి అడుగుతారు కాబట్టి నేనే చెప్తున్నా, అవును, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఉద్యోగమే చేశాను. జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనేవాళ్లు.

నాగోల్_నాని
సార్, ట్రాక్ పక్కన నిలబడి మీరు చూసేదేంటి? అసలు సీక్రెట్ చెప్పండి.

రిటైర్డ్_బ్రేక్
సీక్రెట్ ఏమీ లేదు. ఎనిమిది ఆకారంలో బండి తిప్పాలి, కాలు కింద పెట్టకూడదు, గీత దాటకూడదు. బండి ఆగిపోకూడదు. హెల్మెట్ లేకుండా ట్రాక్ మీదకి వస్తే నేను వెనక్కి పంపేవాణ్ని. కొంతమంది ఇండికేటర్, చేతి సిగ్నల్ కూడా చూస్తారు.

ఫెయిలయ్యేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఒకటే. ముందు చక్రం కేసి చూస్తూ తిప్పుతారు. కన్ను ఎక్కడుంటే బండి అక్కడికి పోతుంది. మలుపు మొదలుపెట్టేటప్పటికే తల తిప్పి మలుపు అవతల వైపు చూడాలి. రెండోది, మలుపులో భయమేసి క్లచ్ పూర్తిగా నొక్కేస్తారు. చక్రానికి లాగుడు పోగానే బండి పక్కకి ఒరుగుతుంది, కాలు దానంతటదే కింద పడుతుంది. బాషా గారు చెప్పిన హాఫ్ క్లచ్‌లోనే ఉండి, వెనక బ్రేక్ మీద కాలు తేలిగ్గా ఆనించి తిప్పండి. ముందు బ్రేక్ ఎనిమిదిలో ముట్టుకోవద్దు.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజులకి పర్మనెంట్‌కి అర్హత వస్తుంది. ఎల్‌ఎల్‌ఆర్ గడువు 6 నెలలు. ఫెయిలైతే 7 రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు ఫెయిలైతే మాత్రం 60 రోజులు ఆగాలి. ఈ లెక్క తెలియక చివరి వారంలో మొదటి స్లాట్ పెట్టుకుని, ఫెయిలై, ఎల్‌ఎల్‌ఆర్ గడువు దాటిపోయి మళ్లీ మొదటికొచ్చినవాళ్లని చాలామందిని చూశాను.

స్వాతి_టీచర్
చాలా థ్యాంక్స్ సార్. ఒక్క ప్రశ్న. ఫొటోకి వస్తే చాలు అన్నవాళ్ల పని నిజంగా జరుగుతుందా?

రిటైర్డ్_బ్రేక్
జరిగిన చోట్లు ఉన్నాయి. అందుకే ఇప్పుడు చాలా ట్రాకుల్లో కెమెరాలు, సెన్సార్లు పెడుతున్నారు. నా సంగతి వేరే, నా మీద కోపం ఉన్న బ్రోకర్ల లిస్టు పెద్దదే.

పాత_చేతక్
అందరు ఇన్‌స్పెక్టర్లూ రిటైరయ్యాక ఇలాగే మాట్లాడతారు.

రిటైర్డ్_బ్రేక్
ఒప్పుకుంటా. అందరి తరఫునా పూచీ పడలేను.

కోవెంట్రీ_కిరణ్
ఇక్కడ యూకేలో బైక్ లైసెన్స్ తీసుకుంటున్నాను కాబట్టి తేడా చెప్తా. ఇండియా లైసెన్స్‌తో ఇక్కడికి వచ్చిన మొదటి 12 నెలలు నడపొచ్చు, తర్వాత చెల్లదు, మార్చి ఇవ్వరు కూడా. ఊళ్లో పల్సర్ ఎంత తోలినా ఇక్కడ మళ్లీ అ ఆల నుంచే.

మొదట సీబీటీ అని ఉంటుంది. ఇది టెస్ట్ కాదు, శిక్షణ. 1990 నుంచి తప్పనిసరి. ముందు కూర్చోబెట్టి మాట్లాడతారు, కంటిచూపు చూస్తారు, హెల్మెట్ ఎలా బిగించాలో చెప్తారు. తర్వాత గ్రౌండులో బండి స్టాండ్ వేయడం, తోసుకుంటూ నడవడం, ఆపడం, ఎనిమిది తిప్పడం, యూటర్న్, ఎమర్జెన్సీ బ్రేక్. ఇదంతా శిక్షకుడికి తృప్తి కలిగితేనే రోడ్డు మీదకి. రోడ్డు మీద కనీసం 2 గంటలు, ఒక శిక్షకుడి దగ్గర ఇద్దరికి మించి ఉండకూడదు. చెవిలో రేడియో. ఆయన ఇంకో బండి మీద వెనకే వస్తూ "కుడివైపు భుజం మీదుగా చూశావా?" అని అడుగుతూనే ఉంటాడు. అద్దంలో చూడటం చాలదట, తిరిగే ముందు భుజం మీదుగా ఒక చూపు చూడాల్సిందే.

అదయ్యాక కూడా 125 సీసీ వరకే, ఎల్ ప్లేట్‌తో. పూర్తి లైసెన్స్ కావాలంటే థియరీ, ఇంకా రెండు ప్రాక్టికల్ టెస్టులు. మొదటి దాంట్లో 50 కిలోమీటర్ల వేగంలో వచ్చి ఒక్కసారిగా ఆపాలి, అదే వేగంలో అడ్డం వచ్చినదాన్ని తప్పించాలి. మన దగ్గర ఎనిమిది తిప్పి కార్డు తీసుకున్నవాడికి గట్టిగా బ్రేక్ వేయడం ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. నాక్కూడా.

గేర్_గోపి
కిరణ్ బ్రో, మన జనాభాకి ఆ పద్ధతి పెడితే మనవళ్లకి లైసెన్స్ వస్తుంది.

కోవెంట్రీ_కిరణ్
అంతా పెట్టమనట్లేదు. ఆ గ్రౌండ్ భాగం ఒక్కటి పెట్టొచ్చు. ఖాళీ స్థలం, నాలుగు కోన్లు, బండి నడపడం బాగా వచ్చినవాడొకడు. కారు స్కూళ్లు ఊరికి పది ఉన్నాయి, బైక్‌కి ఒక్కటి లేదు. రోడ్డు మీద చూస్తే బైక్‌లే ఎక్కువ.

మెకానిక్_బాషా
కిరణ్ గారు బ్రేక్ మాట ఎత్తారు కాబట్టి. మన దగ్గర నూటికి తొంభై మంది ముందు బ్రేక్ వాడరు, "ముందుది వేస్తే పల్టీ కొడుతుంది" అని చిన్నప్పుడే చెప్పేస్తారు. నా దగ్గరకొచ్చే బళ్లలో వెనక బ్రేక్ షూ అరిగి ఇనుము కనిపిస్తుంటుంది, ముందుది కొత్తగా ఉంటుంది.

సీను_శ్రీకాకుళం
నిజంగానే పల్టీ కొడుతుంది బాషా భాయ్. మా బాబాయి కొడుకు ఇసుకలో ముందు బ్రేక్ వేసి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

మెకానిక్_బాషా
ఇసుకలో, అదీ హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు వేసి ఉంటాడు. అక్కడ ముందు చక్రం జారుతుంది, తప్పు లేదు. నేను చెప్పేది తారు రోడ్డు మీద నిటారుగా పోతున్నప్పటి మాట. బ్రేక్ వేయగానే బరువంతా ముందుకి వస్తుంది, అప్పుడు రోడ్డుని గట్టిగా పట్టుకునేది ముందు చక్రమే. వెనకది తేలికైపోయి జారుతుంది. రెండూ కలిపి వేయాలి. ముందుది ఒక్కసారిగా గుంజొద్దు, పిండినట్టు పట్టాలి.

గేర్_గోపి
ఇప్పటి బళ్లలో 125 సీసీ దాటితే ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది), లోపైతే సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిసి పడేది) వస్తున్నాయి కదా. 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. సీబీఎస్‌లో వెనకది నొక్కితే ముందుది కూడా కొంచెం పడుతుంది.

మెకానిక్_బాషా
స్వాతి మేడమ్ మావయ్యగారిది పాత స్ప్లెండర్. అందులో అవేమీ ఉండవు. గ్రౌండులోనే తక్కువ స్పీడులో రెండు బ్రేకులూ వేసి అలవాటు చేసుకోవాలి.

సీను_శ్రీకాకుళం
నేను మాత్రం వెనకదే వేస్తా.

మెకానిక్_బాషా
వేయండి. షూ నా దగ్గరే మార్పించండి.

ఒంగోలు_నాన్న
టాపిక్ పక్కకి పోతుందేమో. మా అబ్బాయికి 16 నిండాయి. 16కే లైసెన్స్ ఇస్తారని విన్నాను, నిజమేనా? కాలేజీకి స్కూటీ కొనిద్దామని.

కోర్టు_పక్షి
చట్టంలో ఉంది. తల్లిదండ్రుల అంగీకారంతో 16 ఏళ్లకి, గేర్ లేని 50 సీసీ లోపు బండికి. పూర్వం లూనా లాంటి మోపెడ్లు ఆ లెక్కలోకి వచ్చేవి. ఇవాళ షోరూముల్లో ఉన్న స్కూటీలన్నీ అంతకు మించినవే, టీవీఎస్ ఎక్స్‌ఎల్ మోపెడ్ కూడా 100 సీసీ అయింది. మీరు కొనబోయే బండికి ఆ లైసెన్స్ పనికిరాదు. 18 దాకా ఆగండి.

కొనిస్తే ఏమవుతుందో కూడా చెప్తా. 2019 సవరణలో 199ఎ అని కొత్త సెక్షన్ పెట్టారు. మైనర్ బండి నడిపి నేరం జరిగితే తండ్రికో బండి యజమానికో 3 ఏళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు.

ఒంగోలు_నాన్న
బస్ పాసే బెటర్ అయితే.

నాగోల్_నాని
అంకుల్, చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉన్నాయి. 25 కిలోమీటర్ల స్పీడు, 250 వాట్లు దాటనివాటికి లైసెన్సూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు.

ఉష_బెజవాడ
లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి రోడ్డు రూల్స్ కూడా అక్కర్లేదనుకునే పిల్లలే మా వీధిలో రాంగ్ రూట్లో వస్తున్నారు. హెల్మెట్ మాత్రం కొనివ్వండి నాన్నగారూ. ఐఎస్ఐ మార్కు ఉన్నది, రోడ్డు పక్కన అమ్మే ప్లాస్టిక్ గిన్నె కాదు.

స్వాతి గారూ, ఒక మాట మర్చిపోయా. హైదరాబాద్ దగ్గరైతే మోవో అనే సంస్థ ఆడవాళ్లకి టూవీలర్ నేర్పుతుంది, కనుక్కోండి. దూరమైతే మీ స్టాఫ్‌లో బండి నడిపే టీచర్ ఎవరో చూడండి. ఆదివారం స్కూల్ గ్రౌండ్ ఖాళీయే కదా. హెడ్‌మాస్టర్‌ని అడిగితే కాదంటారా?

స్వాతి_టీచర్
గ్రౌండ్ ఐడియా బాగుంది, నాకు తట్టనే లేదు. మా పీఈటీ మేడమ్‌కి బుల్లెట్ ఉంది, లైసెన్స్ కూడా ఉంది. అడుగుతాను. కోర్టు_పక్షి గారూ, ఆవిడ పక్కన నడుస్తూ నేర్పితే 3వ నిబంధన కింద చెల్లుతుందా?

కోర్టు_పక్షి
గేటు మూసి ఉన్న గ్రౌండులో అయితే ఎవరూ అడగరు. రోడ్డెక్కిన రోజు ఆవిణ్ని వెనక కూర్చోబెట్టుకోండి. ఇద్దరికీ హెల్మెట్.

సీతమ్మధార_సురేష్
బుల్లెట్ మేడమ్ అయితే ఎనిమిది ఏం ఖర్మ, పదహారు తిప్పిస్తారు.

కరీంనగర్_మధు
నాదో డౌట్. కారు లైసెన్స్ ఎప్పటినుంచో ఉంది, దాంతో బైక్ నడపొచ్చు కదా? పెద్ద బండికి ఉంటే చిన్నదానికి చాలంటారు.

రిటైర్డ్_బ్రేక్
చాలదు. కారు వేరు, బైక్ వేరు. కార్డు మీద గేర్ బైక్ అని ఉంటేనే నడపాలి. అదనంగా చేర్పించుకోవాలంటే బైక్‌కి ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని ట్రాక్‌కి రావాల్సిందే. వయసు 40 దాటితే డాక్టర్ సర్టిఫికెట్ ఫారం 1ఎ కూడా పెట్టాలి.

కరీంనగర్_మధు
ఇన్నాళ్లూ ఎవరూ పట్టుకోలేదు మరి.

గేర్_గోపి
ఇదే మాట పైన నాని కూడా అన్నాడు. ఇద్దరూ కలిసి ఒక సంఘం పెట్టుకోండి.

నాగోల్_నాని
అధ్యక్షుడు మధు అన్న. నేను కార్యదర్శి.

చీరకట్టు_చిన్నమ్మ
ఎవరూ అడగట్లేదు కాబట్టి నేను అడుగుతా. చీరతో గేర్ బండి నడపొచ్చా? స్వాతి టీచరు కాబట్టి చీరే కడుతుంది కదా. నేను స్కూటీ మీద చీరతోనే వెళ్తా, బైక్ మీద ఎలా?

ఉష_బెజవాడ
బైక్ మీద కాలు అవతలికి వేసి కూర్చోవాలి, చీరతో కుదరదు. మా బ్యాంకులో ఇద్దరు చుడీదార్‌లో వచ్చి ఇక్కడ చీర మార్చుకుంటారు. చున్నీ మాత్రం వెనక్కి వేలాడనివ్వకండి. నడుముకి చుట్టి ముడేయండి లేదా బ్యాగులో పెట్టేయండి. చున్నీ చక్రంలో చుట్టుకున్న కేసులు ఊరికొకటి ఉంటాయి.

మెకానిక్_బాషా
వెనక చక్రానికి పక్కన ఉండే చీర గార్డ్ తీసేయించుకుంటారు కుర్రాళ్లు, స్టయిల్ అని. అది ఉండాలని నిబంధనల్లోనే ఉంది. వెనక చక్రంలో కనీసం సగం కప్పాలి. పాత స్ప్లెండర్‌కి ఉందో లేదో చూసుకోండి మేడమ్, లేకపోతే బిగించుకోండి, పెద్ద ఖరీదు కాదు.

స్వాతి_టీచర్
గార్డ్ ఉంది. వేరే సమస్య. క్లచ్ లివర్ నా వేళ్లకి దూరంగా ఉంది, గట్టిగా కూడా ఉంది. మీరు చెప్పిన పాకుడు కాసేపు చేసేసరికి ముంజేయి లాగేస్తోంది. అలవాటు మీద పోతుందా?

మెకానిక్_బాషా
కొంత పోతుంది. అంత గట్టిగా ఉందంటే కేబుల్ లోపల తుప్పు పట్టి ఉంటుంది, నూనె వేసి చూడండి, తగ్గకపోతే కొత్తది వేయించండి. లివర్ దగ్గర అడ్జస్టర్ ఉంటుంది. లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఖాళీగా ఊగి ఆ తర్వాత బరువు తగలాలి. అంతకంటే ఎక్కువ ఊగుతుంటే మీ వేళ్లు సగం దూరం వృథాగా వెళ్తున్నట్టు. అసలు ఊగకపోతే క్లచ్ జారుతూ ప్లేట్లు కాలిపోతాయి. నాలుగు వేళ్లతో పట్టుకోండి, కుర్రాళ్లలా రెండు వేళ్లు వద్దు.

పాత_చేతక్
మావయ్యగారికి చెప్పకుండా కేబుల్ మార్పించకమ్మా. పాత బండి మీద చెయ్యేస్తే మా వయసు వాళ్లకి కోపం వస్తుంది.

స్వాతి_టీచర్
అడిగానండీ. "నాకు గట్టిగా లేదే" అన్నారు. శనివారం ఆయన్నే మెకానిక్ దగ్గరికి పంపిస్తున్నా.